చవితి పందిట్లో సీతారామరాజు కథ

వినాయక చవితి తొమ్మిది రోజుల్లో ఒక రాత్రి బుర్రకథకు పోవాల్సిందే. ఒకప్పుడు మా గోదావరి డెల్టా ఊళ్లలో అది రాసిపెట్టని కట్టుబాటు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల అయితే ఏ కథ పెట్టిద్దామని పెద్దలు మల్లగుల్లాలు పడే పని కూడా ఉండేది కాదు. అల్లూరి సీతారామరాజు కథే. బుర్రకథ దళం వాళ్లు వేరే కథలు ఎన్ని చెప్పగలిగినా, ఆ ఊళ్లకు వస్తే ఈ కథకే సిద్ధపడి వచ్చేవారు.

చవితికీ ఈ కథకీ ఉన్న ముడి చాలామంది గమనించరు. 1922 ఆగస్టు 22, చింతపల్లి పోలీసు స్టేషను మీద రాజు దళం పడిన రోజు, అమావాస్య. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఆ వెంటనే చవితి వచ్చింది. మైదానంలో పిల్లలు పత్రి ఏరుకునే వేళకు మన్యంలో మూడు స్టేషన్ల తుపాకులు చేతులు మారిపోయాయి. దామనపల్లి ఘాటులో ఇద్దరు తెల్ల అధికారులు కూలిన సెప్టెంబరు 24 దసరా నవరాత్రుల్లో పడింది. అంటే చవితి నుంచి దసరా దాకా పందిళ్లలో మనం విన్న కథ, జరిగినప్పుడు కూడా ఆ పండగల మధ్యే జరిగింది.

ఆ కథ మా దగ్గర ఎలా నడిచేదో, ఎక్కడ నిజానికి దగ్గరగా ఉండేదో, ఎక్కడ మా డెల్టా వైపు కాస్త ఒరిగిపోయేదో చెప్పుకోవాలండీ. ఆ దళాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేలా మిగిలాయి. ఆ పద్ధతి తెలిసినవాళ్లూ తగ్గిపోతున్నారు.

దళం అంటే ముగ్గురు. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, కాళ్లకు గజ్జెలు, కుడిచేతి వేళ్లకు గుళ్లు పోసిన ఇత్తడి అందెలు. అటూ ఇటూ వంతపాడే ఇద్దరు, వాళ్లనే వంతలు అంటారు, ఒక్కొక్కరి చేతిలో గుమ్మెట అనే చిన్న వాయిద్యం. వంతల్లో ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. కథకుడు రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కు వేస్తూ చరణం అందుకుంటే, వంతలు ‘తందాన తాన’ అని ముగిస్తారు. వినడానికి తేలికే. ఆ ముగ్గురి అడుగూ, ఊపిరీ, దెబ్బా ఒక్క చోట పడకపోతే మాత్రం పది నిమిషాల్లో జనం లేచిపోతారు.

భాద్రపదంలో బుర్రకథ పెట్టించడంలో అసలు కష్టం చెమ్మ. గుమ్మెటకు ఒకవైపు తోలు, రెండోవైపు ఖాళీ మూతి. సముద్రపు గాలి, కాలవల తడి, పైన ముసురు కలిస్తే ఆ తోలు నీరు పీల్చి సడలిపోతుంది. కొడితే మోగదు, చప్పగా ‘దబ్’ మంటుంది. అందుకే కథకు ముందు పందిరి వెనక ఎండుగడ్డి మంట వేసేవారు. గుమ్మెటను మంటకు మూరెడు దూరంలో పట్టి, తిప్పుతూ కాచాలి. ఒకేచోట నిలిపితే అక్కడ తోలు బిరుసెక్కి చీలుతుంది. తొందరపడి మంటకు దగ్గర పెడితే అంచు దగ్గర కట్టు వదులవుతుంది. వేలితో మీటి చూస్తే తోలు బిగిసిందీ లేనిదీ తెలుస్తుంది. రెండు గుమ్మెటల బిగువూ సరిపోవాలి. ఒకటి బిగిసి ఒకటి సడలితే పాట ఒక పక్కకు లాగినట్టు ఉంటుంది. అంత కాచినా గంటన్నరకు మళ్లీ మెత్తబడేది. ఊళ్లో చదివింపులు చదివే విరామం అప్పుడు అక్కరకు వచ్చేది. ఫలానావారు పది రూపాయలు, ఫలానావారు ఐదు రూపాయలు అని మైకులో చదువుతుంటే, వంతలు పందిరి వెనక మళ్లీ గుమ్మెటలు కాచుకునేవారు. జనం ఆ విరామాన్ని డబ్బుల కోసమే అనుకునేవారు. సగం అవసరం తోలుది.

కరెంటు నమ్మకం లేని రోజుల్లో పెట్రోమాక్సు దీపాలు రెండు ఉండాలి. ట్యాంకులో కిరసనాయిలు మూడొంతులే పోయాలి. పైన గాలికి చోటు లేకపోతే పంపు ఎంత కొట్టినా ఒత్తిడి నిలవదు. ముందు స్పిరిటుతో గొట్టం బాగా వేడెక్కనిచ్చి అప్పుడు నూనె వదలాలి, లేకపోతే మంట పసుపుగా లేచి మసి పడుతుంది. ఒకసారి వెలిగిన మాంటిల్ బూడిదే, ఎవరైనా గుంజను గుద్దితే రాలిపోతుంది. అందుకే దీపం పందిరి గుంజకు కట్టరు, విడిగా పాతిన కర్రకు వేలాడదీస్తారు. ఇక చేలల్లో పచ్చదోమ ఉన్న ఏడాది అయితే దీపం చుట్టూ దోమ ముసిరి కథకుడి నోట్లో పడేది. వేదికకు ఇరవై ముప్పై గజాల దూరంలో, చేను వైపు ఇంకో దీపం వెలిగించి, దాని కింద పళ్లెంలో నీళ్లు పెడితే సగం పురుగు అటు పోయేది.

ఇంత సరంజామా సిద్ధమయ్యాక, భోజనాలు ముగిసి ఆడవాళ్లు చాపలు పట్టుకుని వచ్చాక, తొమ్మిదిన్నర పది మధ్య కథ మొదలు.

మా వైపు కథ పాండ్రంగిలో పుట్టినా త్వరగానే మోగల్లు వచ్చేది. 1897 జూలై 4న అమ్మమ్మగారి ఊరు పాండ్రంగిలో పుట్టాడని ఒక చరణం, తండ్రి వెంకటరామరాజుగారి స్వగ్రామం మోగల్లు అని రెండో చరణం. ఆ రెండో చరణం దగ్గర పందిరి అంతా కదిలేది. మోగల్లు భీమవరం పక్కనే. తండ్రి రాజమండ్రిలో ఫోటోగ్రాఫరు. 1908 గోదావరి పుష్కరాల సమయంలో కలరా సోకి పోయారు. అప్పటికి పిల్లవాడికి పదకొండేళ్లు. ఆ తర్వాత చదువు ఒక ఊళ్లో నిలవలేదు. కొవ్వాడ నుంచి భీమవరం బడికి నడక, రాజమండ్రి, రామచంద్రపురం, కాకినాడ పిఠాపురం రాజా వారి విద్యాసంస్థ, నరసాపురం టేలర్ హైస్కూలు, తుని. నరసాపురంలో తహసీల్దారుగా పనిచేసిన పినతండ్రి రామకృష్ణంరాజుగారు ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు. కాకినాడలో తోటి విద్యార్థి మద్దూరి అన్నపూర్ణయ్య. తర్వాతి రోజుల్లో ‘కాంగ్రెస్’ పత్రికలో రాజును పేరుపెట్టి మెచ్చుకున్న ధైర్యం ఆయనది. గుర్రపుస్వారీ నేర్చుకున్నది వశిష్ఠ ఒడ్డునున్న చించినాడలో స్నేహితుడి ఇంట అని చెబుతారు. ఈ ఊళ్ల పేర్లు వరసగా వచ్చినప్పుడు, ఎవరి ఊరి పేరు వచ్చినప్పుడు వాళ్లు చప్పట్లు కొట్టేవారు. కథకుడికి ఆ సంగతి తెలుసు. ఏ ఊళ్లో చెబితే ఆ ఊరికి దగ్గరి పేరు మీద ఒక ఆవృతం ఎక్కువ తిప్పేవాడు.

అక్కడిదాకా కథ మాది. అసలు కథ మన్యానిది.

1882 మద్రాసు అటవీ చట్టంతో కొండవాళ్ల పోడు నేరమైపోయింది. కొండవాలులో పొదలు నరికి, ఎండనిచ్చి, కాల్చి, ఆ బూడిదలో చోళ్లూ సామలూ చల్లుకునే సేద్యం పోడు. రెండు మూడు పంటలకు నేల సారం తగ్గుతుంది, అది వదిలి పక్క వాలుకు పోవాలి, విడిచిన చోట అడవి మళ్లీ లేస్తుంది. ‘ఇది రిజర్వు, ఇక్కడ గొడ్డలి పెట్టకూడదు’ అని గీత గీస్తే, తిరగడానికి వాలు మిగలదు. పాత వాలునే మళ్లీ మళ్లీ కొడితే పంట రాదు. ఆకలి అక్కడ మొదలైంది. ఆ మీద గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పెత్తనంలో నర్సీపట్నం, లంబసింగి రోడ్డు పని. రోజుకు ఆరణాలు అని పిలిచి రెండణాలు చేతిలో పెట్టడం. రూపాయికి పదహారణాల కాలంలో ఆరణాలే తక్కువ. అందులో మూడోవంతు ఇచ్చారు.

ఈ చోట రాజకీయ వంత అందుకునేవాడు. ఊళ్లో ఆ ఏడాది నాట్లకూలి ఎంత, కోతకూలి ఎంత, ఎవరు ఎంత చెప్పి ఎంత ఇచ్చారు అని నిలదీసేవాడు. ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్న ఆసాములు నవ్వలేక నవ్వేవారు, వెనక చాపల మీద నుంచి ఈలలు లేచేవి. బుర్రకథను తెల్లదొరతనం ఎందుకు నిషేధించిందో ఆ ఒక్క ఘట్టం చూస్తే తెలిసిపోతుంది. పాత కథ చెబుతున్నట్టే ఉంటుంది, దెబ్బ ఇవాళ్టి మీద పడుతుంది.

డెల్టావాళ్లం ఇక్కడ ఒక విషయం దాచుకోకుండా అనుకోవాలి. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు మన ఊళ్లలో దండలు వేస్తాం, సంకల్పంలో పేరు చెప్పుకుని అర్ఘ్యం వదిలేవాళ్లూ ఉన్నారు. ఆ కృతజ్ఞత న్యాయమే. కానీ మన కాలవలకు నీళ్లు వదిలిన ప్రభుత్వమే, అదే గోదావరి పైన కొండల్లో గొడ్డలి పట్టినవాణ్ని దొంగ అంది. అల్లూరి ఆ తేడాను కళ్లతో చూసిన డెల్టా మనిషి. 1917లో కృష్ణదేవిపేట చేరినప్పుడు సన్యాసి వేషంలో చేరాడు. వైద్యం, జోస్యం, పంచాయతీలు, కల్లు మానమని చెప్పడం, కోర్టులకు పోవద్దనడం, ఇలా అయిదేళ్లు అక్కడ మనిషిగా నాటుకున్నాక గాని తుపాకీ జోలికి పోలేదు. దళాలు ఈ అయిదేళ్లను రెండు చరణాల్లో ముగించేవి. అది నాకు ఎప్పుడూ వెలితే. ఆ అయిదేళ్లు లేకపోతే 1922 ఆగస్టులో మూడు వందల మంది వెంట నడిచేవారు కారు.

తర్వాత స్టేషన్ల ఘట్టం. ఇదే కథకు గుండెకాయ, గుమ్మెటలు అప్పటికే కాచి ఉంచుకున్నది దీని కోసమే. రగడ పాట వేగం మూడు స్టేషన్లకూ మూడు మెట్లు పెరగాలి. మొదటి స్టేషనులోనే ఊపిరి ఖర్చుచేసిన కథకుడు రాజవొమ్మంగికి వచ్చేసరికి వగరుస్తాడు. హాస్య వంత ఏమీ తెలియనట్టు అడుగుతాడు, ‘ఎన్ని దొరికాయి బావా?’ అని. కథకుడు ఆగి లెక్క చెబుతాడు. చింతపల్లిలో 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయినెట్లు. కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు. అక్కడే బంధించి ఉంచిన మన్యం తిరుగుబాటుదారు వీరయ్యదొర విడుదల. మొత్తం 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు. తీసుకున్న ఆయుధాల పట్టీ స్టేషను డైరీలో రాసి రాజు సంతకం పెట్టాడన్న మాట దగ్గర పందిరి హోరెత్తేది. దొంగతనం కాదు, జప్తు అన్నది ఆ సంతకంలో ఉంది. చదువు రాని ముసలమ్మకు కూడా అది అర్థమయ్యేది.

ఈ లెక్కే తర్వాతి కథకు తాళంచెవి కూడా. తుపాకీ ఒక్కింటికి వంద తూటాలు లేవు. కొత్తవి కొనే చోటు లేదు, తయారుచేసే చోటు అసలు లేదు. తగిన చోటు చూసుకుని, తగిన మనిషి కనబడితేనే కాల్చాలి. దామనపల్లి ఘాటు అలాంటిది. ఇరుకు దారి, పైన బండలు, చెట్లు. ముందు వచ్చిన దేశీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను గురి చూసి కొట్టారు. దయా, పొదుపూ ఒక్క చోట కలిసిన దెబ్బ అది. మనవాళ్ల మీద తూటా ఖర్చు చేయలేదు.

దానికి ప్రభుత్వం చేసిన విరుగుడు చాలా మామూలుది. చుట్టుపక్కల స్టేషన్ల నుంచి తుపాకులు తీసేసింది. అక్టోబరు 15న ముందే చెప్పి అడ్డతీగల స్టేషనుకు వెళితే అక్కడ ఎదిరించేవాడూ లేడు, తీసుకోవడానికి ఆయుధమూ లేదు. కథల్లో దీన్ని ‘పోలీసులు పారిపోయారు’ అని గెలుపుగా చెప్పేవారు. నిజానికి దళం పతనం అక్కడే మొదలైంది. తూటా వచ్చే దారి మూసుకుపోయింది. డిసెంబరు 6న పెద్దగడ్డెపాలెం వరిచేలల్లో ఎదురుపడ్డ సేన దగ్గర లూయిస్ గన్ ఉంది. నిమిషానికి వందల తూటాలు విసిరే యంత్రం ఎదుట, తూటా తూటాకూ లెక్క చూసుకునేవాడు చదును నేలలో నిలబడలేడు. ఘాటులో పైచేయి సాధించినవాళ్లు చేలల్లో దొరికిపోయారు. ఆ పగలూ ఆ రాత్రీ కలిపి మనుషులూ పోయారు, తుపాకులూ పోయాయి.

1923 ఏప్రిల్ 17న అన్నవరంలో పట్టపగలు ప్రత్యక్షమవడం మా వైపు ఇంకో ఇష్టమైన ఘట్టం. కొండెక్కి సత్యనారాయణస్వామి దర్శనం చేసుకుని, పోలీసు స్టేషనుకు పోయి, పత్రికా విలేకరితో మాట్లాడి వెళ్లాడు. హింస లేకుండా స్వరాజ్యం రాదన్న తన నమ్మకాన్ని అక్కడ చెప్పాడు. అదే ఏడాది డిసెంబరులో కాకినాడలో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన అఖిల భారత కాంగ్రెస్ సభలు జరిగాయి. దేశం నలుమూలల నుంచి ప్రతినిధులు వచ్చి దిగిన ఊరికి ఉత్తరాన ఉన్న కొండల్లో పితూరీ, అంటే ఆ తిరుగుబాటు, నడుస్తూనే ఉంది. ఈ రెంటినీ ఒకే రాత్రి, పక్కపక్కన చెప్పిన దళాలు బహు అరుదు. చెప్పి ఉంటే డెల్టా పిల్లలకు స్వాతంత్ర్య పోరాటం ఎన్ని పాయలుగా నడిచిందో ఇంకా బాగా తెలిసేది.

ఇక ముగింపు. 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చింది, ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా దిగాడు. రాజు తలకు పదివేలు వెల కట్టారు, ఆయన ముఖ్య అనుచరులు గంటందొర, మల్లుదొరల తలలకు అంతకుముందే వెయ్యేసి. మే 6న రాజు దళంలోని అగ్గిరాజు పట్టుబడ్డాడు. ఆయన అసలు పేరు వేగిరాజు సత్యనారాయణరాజు, భీమవరం దగ్గరి కుముదవల్లి మనిషి. అండమాన్ పంపితే అక్కడే పోయాడు. మర్నాడు మే 7న మంప దగ్గర సీతారామరాజు దొరికాడు. కొయ్యూరులో మేజర్ గుడాల్ విచారణ లేకుండా కాల్పించాడు. మంచం మీద కట్టి కృష్ణదేవిపేట తెచ్చి, ఫోటో తీయించి, మర్నాడు తాండవ నది ఒడ్డున దహనం చేశారు. ఇరవై ఆరేళ్ల పది నెలలు బతికాడు. ఫోటోలు తీసి ఇల్లు గడిపిన మనిషి కొడుక్కి, శవమయ్యాక ప్రభుత్వం ఫోటో తీయించిందన్న సంగతి ఏ దళమూ పాటలో కట్టలేదు. కట్టి ఉంటే వినగలిగేవాళ్లం కాదేమో.

ఇక్కడ మంగళం పాడేసి హారతి పళ్లెం తిప్పేవారు. మా డెల్టా జ్ఞాపకంలో ఉన్న పెద్ద లోటు ఇదే. మా ఊరి అబ్బాయి చనిపోయాడు కాబట్టి కథ అయిపోయిందనుకున్నాం. పితూరీ అయిపోలేదు. గాం గంటందొర అడవిలో ఇంకో నెల పోరాడి జూన్ 7న కాల్పుల్లో నేలకొరిగాడు. ఆయన తమ్ముడు మల్లుదొర అంతకుముందే, 1923 సెప్టెంబరులో, నడింపాలెంలో పట్టుబడి అండమాన్ శిక్ష అనుభవించి వచ్చాడు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆరణాల కూలికి రెండణాలిచ్చిన రోడ్డు మీద నుంచి లేచిన మనిషి ఢిల్లీలో కూర్చోవడం కంటే గొప్ప ఘట్టం బుర్రకథకు ఏం కావాలి? రాజు వెంట నడిచిన మన్యం వీరులు గోకిరి ఎర్రేసు, బోనంగి పండు పడాలు పేర్లు ‘తదితర వీరులు’ అన్న మాటలో కలిసిపోయేవి. దారి వాళ్లది, గూడేల నుంచి గింజలు తెచ్చింది వాళ్లు, సిపాయిల కదలిక చెప్పింది వాళ్లు.

బొమ్మలో కూడా ఇదే జరిగింది. ఆగస్టు పదిహేనుకు బళ్లో వేషం కట్టే పిల్లవాడికి కాషాయం పంచె, జనపనార గడ్డం, వెదురు విల్లు. ఆ వెదురు మన్యం నుంచి తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దిగిన వెదురే కాబట్టి, ఆ మాత్రం న్యాయం జరిగిందనుకోవచ్చు. విల్లు తప్పు కాదు, కొండవాళ్ల ఆయుధం అదే. కానీ ఆ 26 తుపాకులు ఎక్కడ నుంచి వచ్చాయో, ఎందుకు చాలలేదో పిల్లవాడికి చెప్పకపోతే, అది గుడిలో దేవుడి చేతి విల్లులా అయిపోతుంది. 2022 జూలై 4న భీమవరంలో ఆవిష్కరించిన కంచు విగ్రహం ముప్పై అడుగులది, బరువు పదిహేను టన్నులు. దాని కింద నిలబడి చూసినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది. గంటందొరకు మన డెల్టాలో అడుగెత్తు బొమ్మ కూడా నాకు కనబడకపోవడం బాధగానూ ఉంటుంది.

ఇప్పటికీ చవితికో జూలై 4కో దళాన్ని పిలిపించే కమిటీలు కొన్ని ఉన్నాయి. వాళ్లకు ఒక మనవి. బయానా ఇచ్చేటప్పుడే కథ ఎక్కడ ఆపాలో మాట్లాడుకోండి. మే 7 దగ్గర చదివింపులు పెట్టించండి, గుమ్మెటలు ఇంకోసారి కాచుకోనివ్వండి. ఆ తర్వాత అరగంట చాలు, జూన్ 7 దాకా గంటందొరను, అండమాన్ దాకా అగ్గిరాజును, పార్లమెంటు దాకా మల్లుదొరను చెప్పించండి. హారతి ఆ తర్వాత పట్టించండి.